వదలొద్దన్న మీట

మా మరిది పోయిన కబురు వచ్చినప్పుడు నేను గొర్రెల దొడ్డి ఊడుస్తున్నాను. కోదాడ నుంచి ఆయన కూతురు ఫోను. "పెద్దమ్మా, నాన్నని బైపాస్ మీద లారీ గుద్దేసింది. అక్కడికక్కడే..." అని ఆ పిల్ల ఏడుస్తుంటే నా నోట్లోంచి మొదట వచ్చిన మాట ఇది: "లారీయేనా బిడ్డా? గొడ్డలి కాదు గదా?"

ఆ మాట అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. కానీ ఎనిమిదేళ్ల నుంచి ఫోను మోగితే నా కళ్ల ముందుకు వచ్చేది గొడ్డలే. నేను ఇటు గొడ్డలికి కాపలా కాస్తూ కూర్చుంటే అటు నుంచి లారీ వచ్చింది. వచ్చి, స్కూటర్‌ను, మనిషిని కలిపి ఈడ్చుకుపోయింది.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. మా మరిది దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఆయన గురించి చిన్న పుస్తకం వేస్తున్నారట. "నువ్వూ రాయి పెద్దమ్మా, నాన్న గురించి నాలుగు మంచి మాటలు" అని ఆ పిల్ల నోటుబుక్కు తెచ్చి చేతిలో పెట్టింది. రాస్తాను. కానీ ఆయన మంచి చెప్పాలంటే రక్తం గురించి రాయాలి, నా నోటి గురించి కూడా రాయాలి. నా నోరు చేసిన పని మా ఆయనకు ఈ రోజు దాకా తెలియదు. ఇది అచ్చయితే తెలుస్తుంది. తెలియనివ్వండి.

నేను కాపురానికి వచ్చేనాటికి మా మరిదికి ఆరేళ్లు. తల్లి లేదు. నా కొంగు పట్టుకుని తిరిగేవాడు. పెన్‌పహాడ్ దగ్గర మా ఊరు. మిర్యాలగూడ నుంచి సూర్యాపేట పోయే బస్సు మా ఇంటి ముందే ఆగుతుంది. మాది గొర్లు కాసే ఇల్లు, ఆ ఇంటి మగవాళ్లకు మాట కంటే ముందు చెయ్యి లేస్తుంది. అన్నంలో రాయి తగిలిందని మా ఆయన విసిరిన చెంబు గుర్తు నా నుదుటి మీద, బొట్టు పక్కన, ఇంకా ఉంది. ఆ రోజు నా రక్తం తుడిచింది మా మరిదే. అప్పటికి పదేళ్లు ఉంటాయేమో. "వదినా, నేను పెద్దయినంక అన్న చేతులు కట్టేస్త సూడు" అన్నాడు. నొప్పిలో కూడా నాకు నవ్వొచ్చింది.

అట్లా అన్న మా మరిదికీ ఆ ఇంటి చెయ్యే వచ్చింది. మా పొలం పక్కనే మా పాలోళ్ల పొలం. ఒకే తాత భూమి, మధ్యలో గెట్టు. దున్నినప్పుడల్లా ఆ గెట్టు ఇటు జానెడు, అటు జానెడు జరుగుతూనే ఉంటుంది. ఆ కోపంతో ఒకసారి వాళ్ల అబ్బాయి మా పొట్టేలు కాలు విరగ్గొట్టాడు. మా మరిది కంటే ఏడాది చిన్నవాడు, వరసకు తమ్ముడు. మా మరిది రాయి తీసి అతని నెత్తి మీద కొట్టాడు. తల పగిలి లోపలి తెలుపు కనిపించింది. సూర్యాపేట దవాఖానలో పన్నెండు కుట్లు వేశారు.

ఆ పూట మా మరిది అన్నం ముట్టలేదు. "వదినా, కొట్టినప్పుడు కుండ పగిలినట్టు సప్పుడయింది. చెవులకెల్లి పోతలేదు" అన్నాడు. నెల తిరగకముందే కోదాడ పోయి, రేడియోలు బాగుచేసే కొట్లో చేరాడు. మళ్లీ ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. రేడియోలు పోయి టీవీలు వచ్చాయి, టీవీల తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఆయనకు సొంత కొట్టయింది.

ఆయనకో అలవాటు ఉండేది. ఏ సామాను తెచ్చినా వెంటనే విప్పడు. చెవి ఆనించి కాసేపు వింటాడు. "ముందు ఇనాలె, తర్వాత ఇప్పాలె" అనేవాడు. టీవీ నెత్తిన రెండు దెబ్బలేస్తే బొమ్మ వస్తుందని మా ఆయన వాదిస్తే, "కొడితే బాగయిన సామాను నా కొట్లకు ఒక్కటి రాలే అన్నా. కొట్టంగ కొట్టంగ పాడైనయే వస్తయ్" అనేవాడు.

ఎనిమిదేళ్ల కిందట ఎండాకాలంలో, ట్రాలీ ఆటోలో ఒక పెట్టె తీసుకొచ్చి మా ముందర గదిలో దించాడు. పెట్టె పీటంత వెడల్పు, దానికొక తెర, నీళ్ల గోళెమంత. ఇద్దరు మోసినా వంగిపోయారు.

"ఏందయ్యా ఇది? అండ్ల ఎవలన్న కూసున్నరా?" అన్నాను.

"మిర్యాలగూడ పాత ఇనుప కొట్ల తూకానికి కొన్న వదినా. సిమెంటు కంపెనోళ్లు గనులు కొలిసే ఆఫీసుల ఉండెనట. మామూలు కంప్యూటర్ కాదు, వర్క్‌స్టేషన్ అంటరు. పెద్ద ఇంజినీర్లు వాడేది."

"మరి పారేసిన్రెందుకు?"

"ఇనుము మంచిగనే ఉంది. లోపలి బుద్ధే ముసలిదైంది. దాని సిస్టంకు తాళమేసి పెట్టిన్రు, ఆ తాళం తెలిసినోడు లేడు. మొత్తం తుడిసేసి కొత్త బుద్ధి పెడత. లినక్స్ అని, పైస తీస్కోకుండ ఊకెనే ఇస్తరు, ఎవలన్న వాడుకోవచ్చు."

"ఊకె ఇస్తున్నరంటే అండ్ల ఏదో ఉంటది."

"ఉంది వదినా. బండెడు చాకిరి ఉంది" అని నవ్వాడు.

మా ఊళ్లో పదో తరగతి ఆడపిల్లలు కోదాడ దాకా రాలేరని, ఆదివారం ఆదివారం వచ్చి ఇక్కడే నేర్పాలని ఆయన ఆశ. నాకు ఆ పెట్టెతో నిద్ర లేదు. ఉరిమితే పేలుతుందని పాత చీర కప్పేదాన్ని. ప్లగ్గు పీకానా లేదా అని నాలుగుసార్లు లేచి చూసేదాన్ని. సిస్టం ఎక్కించడానికి గంటలు పట్టేది. సగంలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. నాలుగుసార్లు పోయింది. మా ఆయనైతే పెట్టెను తన్నేవాడు. మా మరిది తువ్వాలతో ముఖం తుడుచుకుని "మళ్ల చేద్దాం" అనేవాడు, అంతే. ఐదోసారి ఎక్కింది.

ఎక్కాక ఒక వింత చూశాను. కాసేపు ముట్టుకోకుండా వదిలేస్తే నల్లటి తెర మీద తెల్లటి గీతలు వచ్చేవి. ఒక గీత వంకరగా పోయి ఇంకో గీతకు తగిలేది. మడి పక్కన మడి, గెట్టు పక్కన గెట్టు. కొలతల ఆఫీసు పెట్టె కదా, ఊరి నక్ష, అంటే పొలాల పటం, లోపల ఉండిపోయిందనుకున్నాను. మా మరిదిని అడిగితే అయిపోయేది. తెలివితక్కువదని నవ్వుతాడేమోనని అడగలేదు.

అడగకపోగా బోరింగు దగ్గర నోరు జారాను. అప్పుడు తల పగిలిన ఆ పాలోళ్ల అబ్బాయినే ఇప్పుడు పాలాయన అంటాం. అతని భార్య నాకు వరసకు యారాలు, తోడికోడలు. బిందె పెట్టి, "ఏమక్కా, మీ ఇంట్లకు పెద్ద పెట్టె దిగిందట?" అని మూతి తిప్పింది. ఆ మూతి చూసి నాకు మండింది.

"దిగింది. సర్వే ఆఫీసు పెట్టె. ఊరి నక్షంత అండ్లనే ఉంది. మీరు గెట్టు ఎంత జరిపిన్రో గీతతో సహా కనపడతది. మా మరిది తీస్కపోయి పెద్ద ఆఫీసర్లకు సూపిస్తడు."

ఆమె బిందె నిండకముందే ఎత్తుకుని వెళ్లిపోయింది. గెలిచాననుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆదివారం పగలు. మా ఆయన గొర్రెల వెంట పోయాడు. నేను చేటలో బియ్యం ఏరుతున్నాను, మా మరిది పెట్టె ముందు కూర్చున్నాడు. తలుపు కాలితో తన్నిన చప్పుడైంది. పాలాయన, అతని బామ్మర్ది, ఇంకొకడు. ఒకరి చేతిలో గడ్డపార, పాలాయన చేతిలో గొడ్డలి.

"ఏదిరా నక్ష?" అన్నాడు పాలాయన.

"ఏ నక్షరా?" అన్నాడు మా మరిది. నిజంగానే ఆయనకు తెలియదు. తెలియక నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

గడ్డపార తెర మీద పడింది. బాంబు పేలినట్టు పేలి గాజుపెంకులు గదంతా చిమ్మాయి. నా చేటలో, నా జుట్టులో, పాలాయన చెంపలో గుచ్చుకున్నాయి. వాడు రక్తం తుడుచుకుని ఇంకా రెచ్చిపోయాడు. గడ్డపార రెండో దెబ్బ పెట్టె మీద పడి రేకు లోపలికి సొట్టపోయింది. మా మరిది పెట్టె మీద బోర్లా పడి, "ఒరే, ఏం లేదురా అండ్ల, ఏం లేదురా" అని అరుస్తున్నాడు. ఏం లేదంటే ఉందనే అనుకున్నారు. బామ్మర్ది ఆయన జుట్టు పట్టి వెనక్కి లాగాడు. పాలాయన పెట్టెను గురిచూసి గొడ్డలి ఎత్తాడు. గొడ్డలి దిగేటప్పటికి పెట్టెకు అడ్డంగా చాపిన మా మరిది ఎడమ చెయ్యి ఉంది.

మూడు వేళ్లు. ఒకటి నా చేటలో, బియ్యంలో పడింది.

కొట్టినవాడే అరిచాడు ముందు. గొడ్డలి అక్కడే వదిలేసి ముగ్గురూ పరుగెత్తారు. నేను ఆ వేళ్లను తడిగుడ్డలో చుట్టుకుని, ఆటోలో ఆయన తల ఒడిలో పెట్టుకుని సూర్యాపేట దాకా ఏమేం దేవుళ్లకు మొక్కానో నాకే తెలియదు. అతకవని చెప్పారు దవాఖానలో. ఆయన పళ్లు బిగబట్టి నన్ను అడిగిన మాట ఇది: "వదినా, నీ కంట్ల గాజు పడలే గదా?"

పాలాయన మిర్యాలగూడలో అత్తగారింట్లో దాక్కుంటే పోలీసులు పట్టుకున్నారు. నెల తిరిగేసరికి బెయిలు వచ్చింది. ఆ నెలంతా మా ఆయన నాతో పది మాటలు మాట్లాడలేదు. గొర్లకు కొమ్మలు కొట్టే గొడ్డలి ఒకటి ఉండేది. పొద్దున్నే లేచి దాన్ని బండ మీద సాన పట్టేవాడు. సర్ సర్ మని ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. గోరు మీద గీసి పదును చూసి, చూరులో దోపేవాడు. ఒక ఆదివారం టీ కొట్టు నుంచి వచ్చి, "రేపు రెండింటి బస్సుకు వాడు దిగుతుండు. రేపటి సంది నేను ఇంట్ల ఉండ. గొర్లను నువ్వే సూస్కో" అన్నాడు.

కాళ్లు పట్టుకున్నాను. తన్నాడు. ఇంటి వెనక్కి పోయి మా మరిదికి కోదాడకు ఫోను చేశాను. "అయ్యా, రేపు మీ అన్న మనిషిని సంపుతడు. నాకేం తోస్తలేదు" అన్నాను.

మా మరిది, "బస్సు ఎన్నింటికి?" అని మాత్రమే అడిగాడు.

సోమవారం పొద్దున ఆటోలో దిగాడు. వేరే తెర, కరెంటు పోతే కాసేపు ఆపే యూపీఎస్, జేబులో మూడు సీడీలు. ఎడమ చేతికి ఇంకా కట్టు ఉంది. సొట్టపోయిన పెట్టెనే ముందు పెట్టుకుని, లోపల చెవి ఆనించి విన్నాడు. "బతికే ఉంది. సిస్టం మళ్ల మొదటికెల్లి ఎక్కియ్యాలె" అని, గడప మీద గొడ్డలితో కూర్చున్న అన్నను పిలిచాడు.

"అన్నా, జర ఇటు రా. ఈ రెండు బటన్లు ఒక్కసారే ఒత్తి పట్టుకోవాలె. రెండూ ఎడమ దిక్కే ఉన్నయ్. నా ఎడమ చెయ్యి గిట్లుంది."

"నా కాడ ఆటలాడకు. నాకు పనుంది."

"నీ పని రెండింటికి గదా. ఇది ఒంటిగంటకే అయిపోతది."

"మీ వదినను పట్టుకోమను."

"వదిన చేతులు వణుకుతయ్." కట్టు కట్టిన చెయ్యి ముందుకు చాపాడు. "నా మూడు వేళ్లు పోయినయన్నా. ఈ ఒక్క పూట నీ రెండు వేళ్లు నాకియ్యి."

మా ఆయన లేచాడు. వచ్చి పక్కన కూర్చుని, గొడ్డలిని మోకాలికి ఆనించుకుని, ఎడమ చేతి రెండు వేళ్లు ఆ మీటల మీద పెట్టాడు.

"గట్టిగ. మధ్యల వదిలితే మళ్ల మొదటికొస్తది" అన్నాడు మా మరిది.

పదకొండు గంటలకు మొదలైంది. మా మరిది కుడిచేత్తో మిగతా మీటలు కొడుతున్నాడు, తెర మీద అక్షరాలు పాకుతున్నాయి. మా ఆయన కళ్లార్పకుండా తన వేళ్లనే చూస్తున్నాడు. పన్నెండున్నరకు కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. "అదెందుకు మొత్తుకుంటుంది?" అన్నాడు మా ఆయన. "సస్తనని మొత్తుకుంటుంది. నువ్వు వదలకు" అన్నాడు మా మరిది. ఆ అరుపు ఆగితే మా ఆయన లేస్తాడు. నేను కరెంటు దీపం వంక చూస్తూ దేవుణ్ని తిట్టాను. కరెంటు వచ్చింది. ఒంటిగంట దాటింది. "ఇగ జరంత" అని రెండో సీడీ పెట్టాడు. ఒంటిగంటన్నర. "ఇగో, అయిపోయింది" అని మూడోది పెట్టాడు.

బస్సు హారన్ వినిపించింది.

మా ఆయన నడుము లేచింది. గొడ్డలి మోకాలి మీంచి జారి ఠంగుమని గచ్చు మీద పడింది. బస్సు ఆగింది, మనుషులు దిగిన అలికిడి. చెప్పుల చప్పుడు మా ఇంటి వైపే వస్తోంది. కిటికీలోంచి చూశాను. పాలాయన, భుజాన సంచి, చెంప మీద గాజు గీరిన గాటు. మా ఆయన కూడా చూశాడు. మెడ నరాలు తాళ్లలా తేలాయి. కుడిచెయ్యి వంగి గొడ్డలి కర్రను అందుకుంది.

ఎడమచేతి వేళ్లు మాత్రం మీటల మీదే ఉన్నాయి.

మా మరిది కట్టు కట్టిన చెయ్యి తెచ్చి అన్న ఎడమ చేతి మీద పెట్టాడు. కట్టులోంచి తడి ఎర్రగా ఊరుతోంది. చెప్పుల చప్పుడు మా గడప ముందుకు వచ్చింది, ఒక అడుగు ఆగింది, దాటింది. దూరమైంది. బస్సు కదిలి సూర్యాపేట వైపు వెళ్లిపోయింది.

మూడింటికి మా మరిది, "ఇగ వదులన్నా" అన్నాడు. వేళ్లు తెరుచుకోలేదు. కొయ్యలా బిగుసుకుపోయాయి. నేను వేణ్ణీళ్ల గుడ్డతో కాపాను.

"అయిందా?" అన్నాడు మా ఆయన.

"అయింది."

"మళ్ల మొదటికి రాదు గదా?"

"రాదన్నా."

అంతలో తెర మీద ఆ గీతలు వచ్చాయి. మడి పక్కన మడి, గెట్టు పక్కన గెట్టు. "ఇవేందిరా?" అన్నాడు మా ఆయన. "ఏం లేదన్నా. తెర కరాబు కాకుండ ఊకెనే గీసుకుంటది. వాటికో అర్థం లేదు" అన్నాడు మా మరిది. నా చేతిలో వేణ్ణీళ్ల గిన్నె కింద పడిపోయింది. కాళ్లు కాలినా నాకు తెలియలేదు.

మా మరిది చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వస్తే వెంట వెళ్లాను. "నీ వేళ్లు నేను నరికిన అయ్యా" అని బోరింగు దగ్గర అన్న మాటంతా చెప్పేశాను. ఆయన గొర్రెపిల్ల చెవులు నిమురుతూ విన్నాడు. "తెలుసు వదినా. నువ్వు తల దించుకున్నప్పుడే తెలిసింది."

"మీ అన్నకు చెప్పు. నన్ను కొట్టనియ్యి."

"అందుకే చెప్ప. ఈ ఇంట్ల కొట్టుడు నేను ఆపలేకపోతున్న, మళ్ల నేనే కొట్టియ్యాల్నా?" అన్నాడు. తర్వాత పాలోళ్ల ఇంటి వైపు చూస్తూ, "వాని నెత్తి మీద నా పన్నెండు కుట్లున్నయ్ వదినా. నేను వాన్ని ఏమనాలె?" అన్నాడు.

ఆ మాట ఆయన ఇంకెవరితోనూ అనలేదు. తర్వాత పెద్దమనుషుల ముందు రాజీ అయింది, గెట్టుకు రాళ్లు పాతారు. పాలోళ్లకూ మాకూ మాటలు మాత్రం కలవలేదు. మా మరిది ఏడు వేళ్లతోనే ఊళ్లో ఆడపిల్లలకు నేర్పాడు. ఆ పిల్లల్లో ఇద్దరు కోదాడలో, ఒకమ్మాయి మిర్యాలగూడలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇక్కడ పిల్లలు తగ్గాక పెట్టెను కోదాడ కొట్టుకు తీసుకుపోయాడు. గొడ్డలి చూరులోనే ఉంది. నేను రోజూ చూసుకుంటాను, ఉందా లేదా అని.

మా మరిది పోయిన పదో రోజున, మా కులం ఆనవాయితీ ప్రకారం, పాలోళ్లలో ఆయన కంటే చిన్నవాళ్లంతా గుండు చేయించుకోవాలి. పిలవకపోయినా పాలాయన వచ్చి మంగలి ముందు వరసలో కూర్చున్నాడు. మా ఆయన చూశాడు, లేచి పొమ్మనలేదు. కత్తి పోతూ ఉంటే అతని తల మీద ఆ పాత గాటు బయటపడింది, నడినెత్తి నుంచి చెవి దాకా, పక్కన కుట్ల చుక్కలు. మా మరిది వేలిముద్ర అదొక్కటే మిగిలినట్టు నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు కోదాడ కొట్టుకు వెళ్లాం. మూలన ఆ పెట్టె ఉంది, అదే సొట్టతో. "దీంట్లో సిస్టం పాతదైపోయింది పెద్దనాన్నా. కొత్తది ఎక్కించాలని నాన్న సీడీలు కూడా తెచ్చి పెట్టారు. నేను ఎక్కిస్తాను" అని మా మరిది కూతురు కూర్చుంది. మా ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, ఎడమ చెయ్యి చాపాడు.

"నేను పట్టుకుంట బిడ్డా. నాకు తెలుసు."

"ఏం పట్టుకుంటారు?"

"గవే, రెండు బటన్లు. అయిందాక వదలొద్దు గదా. వదిలితే మొదటికొస్తది."

ఆ పిల్లకు అర్థం కాలేదు. "అబ్బే, అదేం లేదు పెద్దనాన్నా. ఒకసారి నొక్కి వదిలేయడమే. పట్టుకోనక్కర్లేదు" అని రెండు వేళ్లతో టక్కున నొక్కి తీసేసింది. తెర తెల్లబడి, అక్షరాలు వాటంతట అవే పాకడం మొదలుపెట్టాయి.

మా ఆయన ఆ తెరను చూశాడు, తన వేళ్లను చూసుకున్నాడు. ఆ రోజు పట్టుకున్నది నాలుగు గంటలు. బస్సు వచ్చి, ఆగి, పోయేదాకా. నా వైపు తిరిగి, "నీకు తెలుసా?" అన్నాడు. నాకూ తెలియదని తల ఊపాను.

కొట్టు ముందు లారీలు పోతున్నాయి. పెట్టె తన పని తాను చేసుకుంటోంది. కాసేపటికి మా ఆయన వంగి, ఎడమ చేతి రెండు వేళ్లు ఆ మీటల మీద మెల్లగా ఆనించాడు, నొక్కకుండా. మా మరిది కూతురు ఏదో అనబోతే నేను వద్దని సైగ చేశాను. పెట్టె పని అయిపోయింది. తెర మీద గీతలు వచ్చాయి. ఇక వదలమని చెప్పేవాళ్లు లేక ఆయన వేళ్లు అక్కడే ఉన్నాయి.